అడిగినప్పుడల్లా సెలవిస్తున్నా మనుషులెందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్. మామగారు పెట్టింది. రెండేళ్లుగా హాజరు, జీతాల లెక్కలు నేను చూస్తున్నాను. మొత్తం 64 మంది, అందులో 52 మంది ఆడవాళ్లు. ఎక్కువమంది పొట్టు తీయడంలో, గ్రేడింగులో ఉన్నారు. చేయి తిరిగినవాళ్లు కాన్పుకి వెళ్తే మళ్లీ రావడం లేదు. కొందరు చంటిపిల్లల్ని హాల్లోకే తెచ్చుకుంటున్నారు. మార్చి వచ్చిందంటే ఒకటే నాగాలు. ఇద్దరి ఇళ్లల్లో డయాలసిస్ రోగులున్నారు, వారంలో మూడు రోజులు రాలేరు. అడిగితే మేము ఎవరికీ సెలవు కాదనం. అయినా మానేస్తున్నారు. కాన్పుకి ఆరు నెలల జీతం ఇవ్వాలంటే మా వల్ల కాదని మామగారి భయం. ‘ఒకరికిస్తే అందరూ అడుగుతారు’ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

సమాధానం:

అమ్మా, ‘అడిగితే కాదనం’ అన్నారు చూడండి, ఇబ్బంది అక్కడే ఉంది. గుంటడికి జ్వరమొచ్చిన ప్రతిసారీ మేస్త్రి మొహం చూసి, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి తెచ్చుకునే సెలవు ఎంత సులువుగా దొరికినా, దాన్ని నమ్ముకుని ఎవరూ ఇల్లు సర్దుకోలేరు. నాలుగైదుసార్లు అడిగాక మొహం చెల్లక మానేస్తారు. మన జిల్లాలో మగవాళ్లు చెన్నైకో, హైదరాబాద్‌కో, విశాఖకో వలస వెళ్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లలు, అత్తమామలు, ఆసుపత్రి అన్నీ ఒక్క మనిషి మీదే పడతాయి. ఆవిడకి కావలసింది ముందే తెలిసిన ఏర్పాటు. మీరు ఇప్పటికే ఇస్తున్నవాటిలో చాలా భాగాన్ని అలా మార్చవచ్చు.

ముందు మామగారి భయం సంగతి తేలుద్దాం. ఆరు నెలల జీతం మీ పెట్టె నుంచే పోతుందన్నది సరి కాదు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ (పనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే బీమా) వర్తిస్తుంది. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, పనివాళ్ల వాటా 0.75 శాతం. నెలకు 10,000 సంపాదించే ఆవిడకి మీరు కట్టేది 325, ఆవిడ నుంచి కోసేది 75. ఆవిడ కాన్పుకి వెళ్తే 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ సంస్థే నేరుగా ఇస్తుంది. ఆ లెక్కన సుమారు 60,000. మీరు ఇవ్వక్కర్లేదు. అప్పటికే ఇద్దరు పిల్లలున్నవాళ్లకు మాత్రం 12 వారాలు.

ఇది చేయి జారేది ఇలా. కొత్తగా వచ్చినావిణ్ని ‘నిలుస్తుందో లేదో చూద్దాం’ అని నెలల తరబడి పేరెక్కించరు. ఎక్కించినా కొన్ని రోజులు చేతికిచ్చే కూలీగా చూపి హాజరు తగ్గిస్తారు. ఈఎస్‌ఐ ప్రసూతి డబ్బు రావాలంటే అంతకు ముందున్న రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఒకటి. అయిదో నెల కడుపుతో ఉందని తెలిశాక హడావిడిగా పేరు ఎక్కిస్తే ఆ లెక్క కుదరకపోవచ్చు. అప్పుడు నిజంగానే భారం మీ మీద పడుతుంది, ఎందుకంటే మీరు సమయానికి కట్టకపోవడం ఆవిడ తప్పు కాదు. చేరిన రోజే పేరు ఎక్కించండి. ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ, భర్త పేరు అక్షరం తేడా లేకుండా రాయండి. ఈఎస్‌ఐ కాగితాలు ఆగిపోయేది చాలాసార్లు ఇలాంటి తేడాల వల్లే. ఈఎస్‌ఐ కిందికి రానివాళ్లు ఒకరిద్దరు ఉంటే, కాన్పుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినవాళ్లకు ఆ సెలవు జీతం మీరే ఇవ్వాలి.

ఇక్కడ ఒక మాట. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ప్రసూతి సెలవు, క్రెష్ (తల్లులు పనిలో ఉండగా పిల్లల్ని చూసుకునే చోటు) ఇప్పుడు దాని కిందికి వస్తాయి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, దాని 2017 సవరణ ఇచ్చిన హక్కుల్లో ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నాయి. మీ ఆడిటర్ పాత చట్టం పేరు చెప్పినా కంగారు పడకండి. కోడ్ ప్రకారం రికార్డులు మార్చమని మాత్రం అడగండి.

కాన్పుకి వెళ్లినవాళ్లు తిరిగి రాకపోవడానికి కారణం సాధారణంగా కాన్పుకి ముందే మొదలవుతుంది. కడుపుతో ఉన్న సంగతి ఎందుకు దాచిపెడతారో ఆలోచించండి. కటింగులో ఉన్న ఆవిణ్ని గ్రేడింగుకి మారిస్తే కిలో రేటు తేడా వచ్చి కూలి పడిపోతుంది. అందుకని ఏడో నెల దాకా చెప్పదు. బాయిలర్ పక్కన, జీడి పిక్కల పొగలో, చేతికి తొక్క నూనె అంటుకుంటూనే కూర్చుంటుంది. దీనికి మందు ఒకటే. చెప్పిన రోజునుంచి కటింగు, ఉడకబెట్టే చోటు, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి అర) ట్రేలు ఎత్తడం మాన్పించి, వీపు ఆనుకునే కుర్చీ ఇచ్చి గ్రేడింగు బల్ల దగ్గర కూర్చోబెట్టండి. గత మూడు నెలల సగటు రోజు కూలి ఎంతో లెక్కగట్టి అంతకు తగ్గకుండా ఇవ్వండి. కాన్పుకి పది వారాల ముందునుంచి, ఆవిడ అడిగితే, బరువు పని గానీ ఎక్కువసేపు నిలబడే పని గానీ చెప్పకూడదని చట్టమే అంటోంది. కాన్పయ్యాక ఆరు వారాలు అసలు పనిలో పెట్టుకోకూడదు.

సెలవుకి వెళ్లేముందే తిరిగొచ్చే తేదీ, కూర్చునే బల్ల కాగితం మీద రాసి ఒక ప్రతి ఆవిడ చేతిలో పెట్టండి. సెలవు అయిపోవడానికి నెల ముందు ఆడ మేస్త్రి చేత ఒక ఫోన్ చేయించండి. ‘ఎప్పుడొస్తావు’ అని మొదలుపెట్టకూడదు, ‘బిడ్డను ఎవరు చూస్తారు, పాలు ఎలా ఇస్తావు’ అని అడగాలి. మొదటి రెండు వారాలు ఒక పూట పని పెట్టండి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఆవిడ హక్కు. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట ఈ హక్కు ఊరికే కాగితం మీద ఉండిపోతుంది, లేచి వెళ్తే తూకం తగ్గుతుంది కాబట్టి. రోజుకు 400 వచ్చే ఆవిడకి గంటకు 50. రెండు విరామాలు కలిపి 40 నిమిషాలైతే సుమారు 33 రూపాయలు. ఆ 33 కూలిలో కలిపితేనే విరామం నిజమవుతుంది.

పాలిచ్చేముందు చేతుల సంగతి చాలా ముఖ్యం. జీడి తొక్క నూనె పసిచర్మాన్ని కాలుస్తుంది. ఉత్త సబ్బునీళ్లకు అది వదలదు. ముందు కొబ్బరినూనె గానీ ఆముదం గానీ రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. పని పైగుడ్డ విప్పి బయట తగిలించి లోపలికి వెళ్లాలి. పాలిచ్చే గదికి లోపలి గడియ, కుళాయి, కుర్చీ, చిన్న ఫ్రిజ్ చాలు. పిండిన పాలు 25 డిగ్రీల లోపు వేడిలో నాలుగు గంటలు నిలుస్తాయి. పలాస ఎండాకాలంలో ఆ లెక్క పనికిరాదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

చంటిపిల్లలు హాల్లోకి వస్తున్నారన్నారు. అది ఈ వారమే ఆగాలి, కానీ గేటు దగ్గర వాచ్‌మన్ చేత ఆపించకండి. ఆపితే తల్లులు ఆగిపోతారు. 50 మంది, ఆపైన ఉన్న చోట క్రెష్ తప్పనిసరి, మీకు 64 మంది ఉన్నారు. చట్టం ఇక్కడ ఒక వెసులుబాటు ఇచ్చింది. సొంతంగా నడపవచ్చు, పక్క యూనిట్లతో కలిసి ఉమ్మడిగా నడపవచ్చు, ప్రభుత్వ క్రెష్‌నో స్వచ్ఛంద సంస్థ క్రెష్‌నో వాడుకోవచ్చు. యూనిట్లు పక్కపక్కనే ఉండే పలాస-కాశీబుగ్గకు ఉమ్మడి క్రెష్ బాగా సరిపోతుంది. కేంద్రం ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాలనే క్రెష్‌లుగా నడిపే ఏర్పాటు ఉంది. మీ దగ్గర అలాంటిది ఉందేమో అంగన్‌వాడీలను చూసే సీడీపీఓ ఆఫీసులో అడగండి. మామూలు అంగన్‌వాడీని మాత్రం క్రెష్‌గా లెక్కవేసుకోకండి. అది మీ పని గంటలకంటే ముందే మూసేస్తుంది, ఆ చివరి గంటే తల్లికి కత్తి మీద సాము.

గది ఎంపికలో మొదట చూడాల్సింది గాలి వాటం. జీడి తొక్క కాల్చిన పొగ వెళ్లే దిక్కున క్రెష్ ఉండకూడదు. కింది అంతస్తు, యూనిట్‌కి నడిచి అయిదు నిమిషాల దూరం. పిల్లకు 12 చదరపు అడుగులు కనీసం అనుకుంటే 12 మంది పిల్లలకు 12 అడుగుల చదరపు గది అవుతుంది. ఉయ్యాలలు, పక్కలు వేస్తే ఇరుకు, కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు చూడండి. మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక ఆయా లెక్క. అయినా పిల్లలు ఆరుగురే ఉన్నా ఇద్దరు ఆయాలు ఉండాల్సిందే. ఒకావిడ పిల్లను కడగడానికి తీసుకెళ్తే మిగతావాళ్లను చూసే దిక్కుండదు. చూపు తగ్గిందని బల్ల మాన్పించిన ముసలావిణ్ని ఆయాగా పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అలా చేయకండి. ఓపిక, చురుకు ఉన్న మనిషిని పెట్టి, పొట్టు తీసేవాళ్ల సగటు కూలికి తగ్గకుండా జీతమివ్వండి. లేకపోతే ఆయా నెలకొకరు మారతారు, పిల్లలకు అలవాటు కాదు, తల్లులు నమ్మరు.

పని మొదలుకి అరగంట ముందు తెరిచి, వదిలిన అరగంట తర్వాత మూయండి. తల్లి రోజుకు నాలుగుసార్లు వచ్చి చూసుకోవచ్చని చట్టంలోనే ఉంది. పిల్లను ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు, ఫోన్ నంబర్లు గోడకు కాదు, రిజిస్టర్‌లో ఉండాలి. థర్మామీటర్, ఓఆర్‌ఎస్, దగ్గరి ఆసుపత్రి నంబర్ అందుబాటులో పెట్టండి. ఇంకొకటి, మీ యూనిట్ కాబట్టి ప్రత్యేకంగా చెప్పాలి: అయిదేళ్ల లోపు పిల్లల చేతికి గుండు జీడిపప్పు వెళ్లకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది.

ఖర్చు ఉదాహరణకు ఇలా వేసి చూడండి. ఇద్దరు ఆయాలకు 24,000, అద్దె 5,000, 12 మంది పిల్లలకు రోజుకు 25 రూపాయల చొప్పున 25 రోజుల తిండి 7,500. మొత్తం నెలకు 36,500. మూడు యూనిట్లు పంచుకుంటే తలా 12 వేల చిల్లర. పంచుకునేటప్పుడు ఎవరి పిల్లలు ఎంతమంది అని లెక్క వేయకండి, ఎవరి దగ్గర పనివాళ్లు ఎంతమంది అని వేయండి. పిల్లల లెక్కన వేస్తే, చంటిబిడ్డ ఉన్న తల్లిని పనిలో పెట్టుకున్న ప్రతిసారీ యజమానికి ఖర్చు పెరుగుతుంది. పెళ్లయిన ఆడపిల్లల్ని చేర్చుకోవడమే మానేస్తారు. మీరు మంచికి పెట్టిన ఏర్పాటే వాళ్లకు అడ్డమవుతుంది. తల్లుల దగ్గర క్రెష్‌కి డబ్బు కోయడం కూడా వద్దు.

ఇక మార్చి. దానికి కారణం కళ్లెదుటే ఉంది. మార్చి నడిమినుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివరినుంచి వేసవి సెలవులు. మనకేమో అప్పుడే కొత్త పిక్కలు దిగే కాలం. ఎనిమిదేళ్ల పిల్ల మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చి ఒక్కతే ఉంటే తల్లి బల్ల దగ్గర మనసు పెట్టలేదు. ఈ వయసువాళ్లకు చట్టం ఏ ఏర్పాటూ చెప్పలేదు, మీరే చేయాలి. క్రెష్ పక్క గదిలో గానీ, స్కూలు వాళ్లు ఒప్పుకుంటే అక్కడే ఒక గదిలో గానీ, ఒంటిగంట నుంచి పని వదిలేదాకా ఇద్దరు డిగ్రీ పిల్లల్ని పెట్టి చదివించండి, భోజనం పెట్టండి. అది లేకపోతే ఆ పిల్లలు అమ్మ పక్కన చేరి పొట్టు తీయడం మొదలుపెడతారు. 14 ఏళ్ల లోపు పిల్ల చేత అలా పని చేయించడం నేరం. ‘ఊరికే సాయం కూర్చుంది’ అన్న మాట చెల్లదు.

వేళల విషయానికొస్తే, మీ పనిలో అన్నీ ఒకే రకం కాదు. ఉడకబెట్టడం, బోర్మా గడియారం ప్రకారం నడవాలి. పొట్టు తీయడం, గ్రేడింగు ఎవరి బల్ల వారిదే, ఒకరి చేతి కోసం ఒకరు ఆగక్కర్లేదు. అందుకని బడిలో దింపి వచ్చేవాళ్లకు 9:30 నుంచి 3:30 దాకా ఒక బల్ల పెట్టండి. దీనిలో చెడేవి రెండు. ఒకటి, బోర్మా దింపిన పప్పు గాలికి ఉంటే తేమ పీల్చుకుంటుంది, పొట్టు అతుక్కుంటుంది, గుండు విరిగి బద్దలు ఎక్కువవుతాయి. 9:30 వాళ్ల వంతు ట్రేలు వేరుగా తీసి మూతపెట్టి ఉంచాలి. రెండోది, ముందొచ్చినవాళ్లు పెద్ద పప్పు లాట్లు తీసుకుంటే చివరికి మిగిలేది చిన్న సైజు. పెద్ద పప్పు డబ్ల్యూ 180కి, చిన్న పప్పు డబ్ల్యూ 450కి కిలోలో గింజల సంఖ్య రెండు రెట్లకు పైగా తేడా. అదే కూలికి రెట్టింపు చాకిరీ. లాట్లు వంతుల ప్రకారం రాసి పంచండి, లేదా చిన్న సైజుకి రేటు పెంచండి. ఈ చిన్న సంగతి చూసుకోకపోతే ఆలస్యపు బల్ల శిక్ష బల్ల అయిపోతుంది.

డయాలసిస్ ఉన్న రెండు ఇళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. ఇవాళ ఇద్దరు, రేపు ఇంకొందరు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు, పైన రానుపోను. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక మీ వాళ్లకు ప్రయాణం తగ్గి ఉంటుంది. ముఖ్యమైన సంగతేమిటంటే డయాలసిస్ రోజులు స్థిరంగా ఉంటాయి: సోమ, బుధ, శుక్ర లేదా మంగళ, గురు, శని. ఆ ఇద్దరిలో ఒకరిది ఇది, ఒకరిది అది అయితే ఒకే బల్లను ఇద్దరికీ ఇవ్వవచ్చు. ఇద్దరిదీ ఒకే వరస అయితే వాళ్లు ఆసుపత్రికి వెళ్లే రోజుల్లో రాగల ఇంకొకరిని జత చూడండి. డయాలసిస్ కార్డు జిరాక్స్ ఆరు నెలలకోసారి తీసుకోండి, ప్రతి నాగాకి అడక్కండి.

ఈ పంపకంలో ఒక గొయ్యి ఉంది. ఈఎస్‌ఐ జబ్బు భత్యానికి ఒక చందా కాలంలో 78 రోజుల చందా కావాలి. వారానికి మూడు రోజులు, 26 వారాలు అంటే సరిగ్గా 78. ఒక్క నాగా పడినా ఆవిడకు జబ్బు చేసినప్పుడు భత్యం ఉండదు. ఇంటెడు చాకిరీ చేసే మనిషికి జబ్బు రాదని అనుకోలేం. డయాలసిస్ పొద్దుటి విడతలో అయిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం పనికి వచ్చేలా చూస్తే రోజులు చేతిలో మిగులుతాయి. ఆవిడ పేరు ఈఎస్‌ఐలో ఉంటే భర్తకూ, ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుందని కూడా చెప్పండి. చాలామందికి ఇది తెలియదు.

మీ హాజరు బోనస్ ఎలా ఉందో రాయలేదు. ‘నెలంతా నాగా లేకుంటే 500’ అన్న పద్ధతి అయితే వెంటనే తీసేయండి. రెండో తారీఖున పిల్లకు జ్వరమొస్తే ఆ నెల బోనస్ పోయింది, ఇక మిగతా రోజులు వచ్చినా రాకున్నా ఒకటే అనిపిస్తుంది. దాన్నే వారానికి 125 చేయండి. మీ ఖర్చు పెద్దగా మారదు. దీనికి తోడు ఏడాదికి అయిదు రోజుల కుటుంబ సెలవు, సగటు కూలితో, రెండు గంటలుగా గానీ ఒక పూటగా గానీ వాడుకునేలా. పొద్దున ఎనిమిదిన్నర లోపు ఒక ఫోన్ చేస్తే చాలు, కారణం అడగకూడదు. ఇది మగవాళ్లకూ ఇవ్వండి. బాయిలర్ దగ్గర పనిచేసే అబ్బాయికీ పిల్లలున్నారు. భార్య కాన్పుకి అతనికి వారం రోజులు జీతంతో ఇవ్వండి. ప్రైవేటు పనిలో తండ్రికి సెలవు చట్టం ఇవ్వలేదు, మీరు ఇస్తే కాదనేవాళ్లు లేరు.

ఎన్ని రాసిపెట్టినా మేస్త్రి నోటి దగ్గర అవన్నీ నిలవాలి. మేస్త్రి కమిషన్ ఆ రోజు తూకం మీదే ఉంటే, లేచి వెళ్లిన ప్రతి తల్లీ ఆవిడ కమిషన్‌కి గండి కొట్టినట్టే. సూటిపోటి మాటలు అక్కడే పుడతాయి. కమిషన్‌లో ఒక భాగాన్ని ఆవిడ జట్టులో ఏడాది పాటు నిలిచినవాళ్ల మీదకి, కాన్పు నుంచి తిరిగొచ్చినవాళ్ల మీదకి మార్చండి. పాల విరామాలు తీసుకున్న సమయాన్ని జట్టు తూకం లెక్కలోంచి తీసేయండి. స్కూలు నుంచి ఫోన్ వస్తే అయిదు నిమిషాల్లో తల్లికి కబురు అందించడం కూడా మేస్త్రి బాధ్యతే.

‘అందరూ అడుగుతారు’ అన్న మామగారికి మీ రిజిస్టరే చూపించండి. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండు నెలల్లో విరగ్గొట్టిన పప్పు ఎంత, పాతవాళ్లది ఎంత? ఉదాహరణకు రోజుకు పది కిలోలు తీసేచోట అయిదు శాతం ఎక్కువ విరిగితే రోజుకు అరకిలో. గుండుకీ బద్దకీ కిలోకు 200 తేడా అనుకుంటే రోజుకు 100, యాభై రోజులకు 5,000. ఒక చేయి తిరిగిన మనిషి వెళ్లిపోయిన ప్రతిసారీ ఇది పోతోంది, ఏ ఖాతాలోనూ కనబడకుండా. మీ సొంత అంకెలు వేసి చూడండి.

మొదలుపెట్టే వరస ఇదీ. ఈ వారం ఈఎస్‌ఐలో పేరు లేనివాళ్ల జాబితా తీసి ఎక్కించండి. వచ్చే ఒకటో తారీఖు నుంచి వారం బోనస్, 9:30 బల్ల. అదే రోజునుంచి హాజరు పట్టీలో ప్రతి నాగా పక్కన ఒక అక్షరం రాయించండి: పిల్లలైతే ‘పి’, పెద్దవాళ్లయితే ‘ద’, సొంత ఒంట్లో బాగోకపోతే ‘ఒ’, శుభకార్యమైతే ‘శు’, చెప్పకపోతే ఖాళీ. ఇది ఆడ మేస్త్రి అడగాలి, చెప్పనన్నవాళ్లను వదిలేయాలి. కుటుంబ సెలవుకి మాత్రం ఈ ప్రశ్న అస్సలు వద్దు, ‘కు’ అని రాసి ఊరుకోండి. రెండు నెలలు చూస్తే నాగాలు ఏ వారంలో, ఏ గంటలో, ఎవరి ఇంటి అవసరానికి పడుతున్నాయో తెలుస్తుంది. క్రెష్ కోసం పక్క రెండు యూనిట్లవాళ్లతో మాట్లాడటం దానికోసం ఆగకూడదు. చట్టం ప్రకారం అది ఇప్పటికే ఉండాల్సింది, గది ముందు కుదిరితే ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా పిల్లలు అందులో సర్దుకుంటారు.